చేప రెటీనాలో ఏ నాడీకణం ఏదో గుర్తుపట్టడం ఎలా: సమగ్ర గైడ్

చేప రెటీనా (కంటి వెనక వెలుగుని పట్టే పొర) సెక్షన్‌ని, అంటే పల్చటి కోతని, మైక్రోస్కోప్ కింద పెట్టుకునో, ఎవరో పంపిన ఫొటోని స్క్రీన్ మీద తెరుచుకునో, ఇందులో ఏ కణం ఏంటి అని వెతుక్కునేవాళ్ల కోసం ఈ గైడ్ రాస్తున్నా. ముఖ్యంగా జీబ్రాఫిష్, గోల్డ్‌ఫిష్, కార్ప్ చేపల గురించే మాట్లాడతాను, ఎందుకంటే రెటీనా గురించి మనకి తెలిసిన చాలా సంగతులు ముందు వీటిలోనే తేలాయి, పైగా వీటి కణాలు పెద్దవి, వరసలు నీటుగా ఉంటాయి, నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి కన్ను దొరకదు.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న "మొత్తం ఎన్ని రకాలు ఉన్నాయి?" అని. నా ఉద్దేశంలో దాంతో మొదలుపెట్టకూడదు. పెద్ద గుంపులు ఐదు, అవి అందరూ ఒప్పుకున్నవే: ఫొటోరిసెప్టర్లు (వెలుగుని పట్టేవి), హారిజాంటల్ సెల్స్, బైపోలార్ సెల్స్, అమాక్రైన్ సెల్స్, గాంగ్లియాన్ సెల్స్ (సంకేతాన్ని మెదడుకి పంపేవి). ఒక్కో గుంపులోపల ఎన్ని రకాలు అన్నది మాత్రం మీరు దేన్ని కొలబద్దగా పెట్టుకున్నారో దాన్ని బట్టి మారిపోతుంది. జీబ్రాఫిష్ గాంగ్లియాన్ సెల్స్‌నే తీసుకోండి, 2002లో కేవలం ఆకారం చూసి విడదీస్తే 11 రకాలు వచ్చాయి, తర్వాత జీన్‌లు చూసి విడదీస్తే 30కి అటూ ఇటూ వచ్చాయి, కొమ్మలు ఏ లోతులో ఉన్నాయి ప్లస్ ఆక్సాన్ (సంకేతాన్ని మోసుకెళ్లే పొడవాటి తీగ) మెదడులో ఎక్కడికి పోతోంది అని రెండూ కలిపి చూస్తే 50 దాకా వెళ్లింది. మూడింట్లో ఏదీ తప్పు కాదు. అందుకే ఎవరైనా ఒక నంబర్ చెప్తే, దేన్ని బట్టి లెక్కపెట్టారు అని అడగండి.

నేను చెప్పే పద్ధతి ఇది: కణం ఎక్కడ కూర్చుంది, దాని కొమ్మలు ఎక్కడిదాకా వెళ్లాయి, ఎవరితో కలుస్తోంది, లోపల ఏ రసాయనం ఉంది, వెలుగుకి ఏం చేస్తోంది. ఈ వరసలోనే వెళ్లండి. పేరు పెట్టడం అన్నిటికన్నా ఆఖరున.

ముందు శాంపిల్ సంగతి

కన్ను తీసే ముందు చేప వెలుగులో ఉందా చీకట్లో ఉందా, ఏ టైమ్‌కి తీశారు, ఈ రెండూ తప్పకుండా రాసిపెట్టుకోండి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చేప విషయంలో చాలా పెద్దది. చేపలకి మనలాగా కంటిపాపని చిన్నదీ పెద్దదీ చేసుకునే వీలు పెద్దగా ఉండదు, దానికి బదులు ఫొటోరిసెప్టర్లే కదులుతాయి. వెలుగులో కోన్‌లు (పగటి వెలుగుకి, రంగులకి పనిచేసే ఫొటోరిసెప్టర్లు) కుంచించుకుని లోపలి వైపుకి, అంటే లెన్స్ వైపుకి, వస్తాయి, రాడ్‌లు (మసక వెలుగులో పనిచేసేవి) సాగి బయటి వైపున్న నల్లటి పిగ్మెంట్ పొరలోకి దూరిపోతాయి, పిగ్మెంట్ రేణువులు కూడా వాటి చుట్టూ పరుచుకుంటాయి. చీకట్లో అంతా తిరగబడుతుంది. అంటే ఒకే చేప జాతి, ఒకే కన్ను, పగటి సెక్షన్ ఒకలా రాత్రి సెక్షన్ ఇంకోలా ఉంటుంది. రెటీనాని పిగ్మెంట్ పొర నుంచి విడిగా ఒలుచుకోవాలంటే చేపని ముందు చీకట్లో ఉంచితే ఈజీగా వస్తుంది, కారణం ఇదే.

మిగతాది మామూలే: జంతువుల మీద పనికి కావాల్సిన అనుమతి తీసుకుని, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, 30 శాతం సుక్రోజ్‌లో నానబెట్టి, క్రయోస్టాట్ (గడ్డకట్టించి కోసే యంత్రం) మీద 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందంలో కోయడం. లార్వాలైతే (పిల్ల చేపలు) పిగ్మెంట్ అడ్డురాకుండా, అది తయారవకుండా ఆపే పీటీయూ అనే రసాయనం వాడతారు, లేదా పిగ్మెంట్ లేని లైన్లు తీసుకుంటారు.

కోత కోణం మీద మాత్రం కాస్త శ్రద్ధ పెట్టండి. ఆప్టిక్ నర్వ్ (కంటి నుంచి మెదడుకి వెళ్లే నరం) దగ్గరగా, పొరలకి నిలువుగా కోత పడాలి. ఏటవాలుగా పడితే ఉన్న పొరలే రెట్టింపు మందంగా కనిపించి లెక్కలన్నీ తప్పుతాయి. టెస్ట్ ఏంటంటే, ఒక కోన్ అయినా కొస నుంచి మొదలు దాకా ఒకే సెక్షన్‌లో ముక్క కాకుండా కనిపించాలి. ఇంకోటి, పల్చటి సెక్షన్‌లో కణం ఎక్కడుందో తెలుస్తుంది కానీ కొమ్మలు తెలియవు, అవి తెగిపోయి ఉంటాయి. కొమ్మలు చూడాలంటే మందపాటి ముక్క కావాలి, లేదా రెటీనా మొత్తాన్ని అంచుల్లో నాలుగు గాట్లు పెట్టి పరిచే ఫ్లాట్ మౌంట్ కావాలి.

1. దిక్కు తేల్చుకోండి

నల్లటి పిగ్మెంట్ పొర ఎటుందో అది బయటి వైపు, లెన్స్ ఎటుందో అది లోపలి వైపు. ఇకమీద పైన అంటే బయటి వైపు, కింద అంటే లోపలి వైపు. వెలుగు లోపలి వైపు నుంచి వస్తుంది, అంటే గాంగ్లియాన్ సెల్స్‌ని, మధ్య పొరల్ని దాటుకుని ఆఖరున ఫొటోరిసెప్టర్లని చేరుతుంది. మొదటిసారి చదివేవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది, కానీ వెన్నెముక ఉన్న జీవులన్నిట్లో ఇంతే.

డాపి లాంటి న్యూక్లియస్ స్టెయిన్ వేస్తే మూడు చుక్కల పట్టీలు, మధ్యలో రెండు ఖాళీ పట్టీలు కనిపిస్తాయి. బయటి నుంచి లోపలికి వస్తే, ఫొటోరిసెప్టర్ న్యూక్లియస్‌ల పొర, తర్వాత సన్నటి బయటి సైనాప్స్ పొర (సైనాప్స్ అంటే ఒక కణం ఇంకో కణానికి సంకేతం అందించే చోటు), తర్వాత మధ్య న్యూక్లియస్ పొర, తర్వాత మందపాటి లోపలి సైనాప్స్ పొర, ఆఖరున గాంగ్లియాన్ పొర. ఆ రెండు ఖాళీ పట్టీలు నిజానికి ఖాళీ కాదు, అసలు మాటామంతీ అంతా జరిగేది అక్కడే.

మధ్య పొరలో ఉన్న ప్రతి న్యూక్లియస్ నాడీకణానిదే అనుకోవద్దు. ముల్లర్ గ్లియా (నాడీకణాలకి ఆసరాగా ఉండే కణాలు) న్యూక్లియస్‌లు కూడా అక్కడే ఉంటాయి, వాటి శరీరం మాత్రం రెటీనా ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగి ఉంటుంది. గ్లుటమైన్ సింథటేజ్ స్టెయిన్‌తో వీటిని ముందే పక్కకి తీసేస్తే మిగతా పని సులువు.

2. ఫొటోరిసెప్టర్లు

ఇక్కడ చేపలు మనకన్నా ఒక మెట్టు పైనున్నాయి. జీబ్రాఫిష్‌లో ఒక రాడ్ రకం, నాలుగు కోన్ రకాలు. రెడ్ కోన్ సుమారు 570, గ్రీన్ 480, బ్లూ 415, అల్ట్రావయొలెట్ కోన్ 362 నానోమీటర్ల దగ్గర ఎక్కువ వెలుగు పీల్చుకుంటాయి. గోల్డ్‌ఫిష్‌లో వెలుగు పీల్చే పిగ్మెంట్‌లో వాడే విటమిన్ ఎ రకం వేరు కాబట్టి రెడ్ కోన్ 625 దాకా జరుగుతుంది. కాబట్టి ఒక చేప నంబర్లు తీసుకెళ్లి ఇంకో చేపకి పెట్టకండి.

ఆకారంతోనే విడదీయొచ్చు, అదే దీంట్లో అందం. రెడ్, గ్రీన్ రెండూ అతుక్కుని జంట కోన్‌గా ఉంటాయి. బ్లూ అంటే పొడవాటి ఒంటి కోన్, అల్ట్రావయొలెట్ అంటే పొట్టి ఒంటి కోన్. పెద్ద చేపలో, వెలుగులో తీసిన సెక్షన్‌లో లోపలి నుంచి బయటికి చూస్తే అల్ట్రావయొలెట్ కోన్ కొసలు ముందు, తర్వాత బ్లూ, తర్వాత జంట కోన్‌లు, అన్నిటికన్నా బయట రాడ్‌లు, ఇలా అంచెలంచెలుగా ఉంటాయి. రాడ్ న్యూక్లియస్‌లు మాత్రం తిరగేసి, పొరలో లోపలి వైపు గుంపుగా, చిన్నగా, ముదురుగా కనిపిస్తాయి.

వీలైతే ఒక ఫ్లాట్ మౌంట్ కూడా చూడండి. పెద్ద జీబ్రాఫిష్‌లో కోన్‌లు వరసల్లో పేర్చి ఉంటాయి, ఒక వరస అంతా జంట కోన్‌లు, పక్క వరస బ్లూ, అల్ట్రావయొలెట్ మార్చి మార్చి, మళ్లీ జంట కోన్‌ల వరస. లెక్కేస్తే రెడ్ రెండు, గ్రీన్ రెండు, బ్లూ ఒకటి, అల్ట్రావయొలెట్ ఒకటి అనే నిష్పత్తి వస్తుంది. ఈ వరస లార్వాల్లో ఇంత పక్కాగా ఉండదు. లార్వాల్లో ఇంకో విశేషం ఏంటంటే రెటీనాలో ఒక ప్రాంతంలో అల్ట్రావయొలెట్ కోన్‌లు దట్టంగా ఉంటాయి, పిల్ల చేప వేటాడే సన్నటి జీవులు అల్ట్రావయొలెట్ వెలుగులో మెరుస్తాయి కాబట్టి వాటిని పట్టుకోడానికి ఈ ఏర్పాటు. కాబట్టి రెటీనాలో ఏ మూల నుంచి సెక్షన్ తీశారో కూడా రాసుకోవాలి.

యాంటీబాడీల్లో జెడ్‌పీఆర్-1 జంట కోన్‌లకి, జెడ్‌పీఆర్-3 రాడ్‌లకి ఎక్కువగా వాడతారు.

అన్ని చేపలూ ఇలాగే ఉంటాయని కాదు. లోతు సముద్రం చేపల్లో చాలావాటికి రాడ్‌లు మాత్రమే ఉంటాయి, అయినా వైవిధ్యం తక్కువేం కాదు, సిల్వర్ స్పైనీఫిన్ అనే చేప జీనోమ్‌లో 38 రాడ్ ఆప్సిన్ (వెలుగుని పట్టే ప్రొటీన్) జీన్‌లు ఉన్నాయని 2019లో బయటపడింది.

3. హారిజాంటల్ సెల్స్

మధ్య పొరలో అన్నిటికన్నా బయటి వరస వీటిది, బయటి సైనాప్స్ పొరకి ఆనుకునే ఉంటాయి. అడ్డంగా పరుచుకున్న బల్లపరుపు కణాలు. చేపల్లో ఇవి ఒక్క వరసలో ఉండవు, కోన్‌లతో కలిసేవి బయటి వరసల్లో, రాడ్‌లతో కలిసేవి వాటి కింద. కోన్ వైపు హెచ్-1, హెచ్-2, హెచ్-3 అని మూడు, రాడ్ వైపు ఒకటి.

ఇక్కడ దాదాపు అందరూ తడబడే చోటు ఒకటుంది. గోల్డ్‌ఫిష్, కార్ప్ లాంటి వాటిలో కోన్ హారిజాంటల్ సెల్స్‌కి ఆక్సాన్ ఉంటుంది, దాని చివర లావుగా ఉబ్బి మధ్య పొర లోతుల్లో పడుకుని ఉంటుంది, దాంట్లో న్యూక్లియస్ ఉండదు. చూడ్డానికి వేరే కణంలా ఉంటుంది. న్యూక్లియస్ లేని లావుపాటి అడ్డ గొట్టం కనిపిస్తే అది కొత్త రకం కాదు, పైన ఉన్న కణం తాలూకు చివరే.

ఈ కణాల చరిత్ర తెలిస్తే పద్ధతి ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. 1953లో గున్నార్ స్వెటిచిన్ చేప రెటీనాలోకి సన్నటి ఎలక్ట్రోడ్ దింపి, వెలుగు పడినంతసేపూ నిలిచి ఉండే నిదానమైన వోల్టేజ్ మార్పుని పట్టాడు, అది కోన్ నుంచి వస్తోందనుకున్నాడు. తర్వాత తేలిందేంటంటే అది హారిజాంటల్ సెల్స్‌ది. 1960ల్లో త్సునియో తొమిత బృందం కార్ప్ కోన్‌ల లోపలి నుంచే నేరుగా రికార్డు చేయగలిగింది. 1970లో అకిమిచి కనేకో గోల్డ్‌ఫిష్‌లో ఒకే కణం నుంచి రికార్డు చేసి, అదే కణంలోకి రంగు ఎక్కించి ఆకారం కూడా చూపించాడు. స్పందన, ఆకారం రెండూ ఒకే కణంలో చూసినప్పుడే పేరు గట్టిగా నిలబడింది, ఇప్పటికీ అంతే.

రంగుల విషయంలో ఇవి చేసే పని చూడండి. హెచ్-1 వోల్టేజ్ ఏ రంగు వెలుగు పడినా ఒకే వైపు, అంటే నెగటివ్ వైపు, వెళ్తుంది. హెచ్-2 నీలం, ఆకుపచ్చకి నెగటివ్ వైపు, ఎరుపుకి పాజిటివ్ వైపు వెళ్తుంది. హెచ్-3 నీలానికి నెగటివ్, ఆకుపచ్చకి పాజిటివ్, ఎరుపుకి మళ్లీ నెగటివ్. 1975లో గోల్డ్‌ఫిష్‌లో స్టెల్, లైట్‌ఫుట్ బృందం ఎవరు ఏ కోన్‌తో కలుస్తున్నారో చూసి దీనికి ఒక వివరణ ఇచ్చారు: హెచ్-1 ఎక్కువగా రెడ్ కోన్‌ల నుంచి తీసుకుని తిరిగి కోన్‌లకి సంకేతం పంపుతుంది, హెచ్-2 గ్రీన్ దగ్గర, హెచ్-3 బ్లూ దగ్గర తీసుకుంటాయి, పై మెట్టు నుంచి వచ్చిన తిరుగు సంకేతం కింది మెట్టులో నెగటివ్, పాజిటివ్ గుర్తుని తిప్పేస్తుంది. అంటే రంగుల మధ్య పోటీ అనేది మెదడు దాకా వెళ్లక్కర్లేదు, కంటిలో మొదటి సైనాప్స్ దగ్గరే మొదలైపోతోంది. 2021లో జీబ్రాఫిష్ లార్వాల మీద చేసిన పనిలో కూడా గ్రీన్, బ్లూ కోన్‌ల నుంచి బయటికొచ్చే సంకేతంలోనే ఆ పోటీ కనిపించింది, దాని వెనక ఉన్నది హారిజాంటల్ సెల్సే.

ఇంకో గుర్తు, వెలుగులో ఉన్న చేపలో వీటి కొసలు కోన్ లోపలికి స్పైన్యూల్స్ అనే సన్నటి వేళ్లలా పొడుచుకొస్తాయి, చీకట్లో అవి వెనక్కి పోతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మల్లో ఇవి ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి చేప ఏ వెలుతురులో ఉందో చెప్పేయొచ్చు.

4. బైపోలార్ సెల్స్, ఇక్కడ తొందరపడొద్దు

మధ్య పొర నడిమిలో సన్నగా నిలువుగా నిలబడే కణాలు ఇవి. పైకి ఒక కొమ్మ బయటి సైనాప్స్ పొరలోకి, కిందికి ఒక ఆక్సాన్ లోపలి సైనాప్స్ పొరలోకి. కణం ఎక్కడుందో చూసి గుంపు చెప్పొచ్చు కానీ రకం చెప్పలేరు, రకం చెప్పేది కింది చివర ఏ లోతులో ఆగింది అన్నదే.

లోపలి సైనాప్స్ పొరని ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి, ఏ అంతస్తులో దిగాడో చూస్తే ఎవరింటికి వచ్చాడో తెలిసిపోతుంది. బయటి సగంలో, అంటే మధ్య పొరకి దగ్గరగా ఆగితే మామూలుగా ఆఫ్ రకం, వెలుగు తగ్గినప్పుడు ఉత్తేజం పొందేది. లోపలి సగంలో, గాంగ్లియాన్ పొరకి దగ్గరగా ఆగితే ఆన్ రకం, వెలుగు పెరిగినప్పుడు ఉత్తేజం పొందేది. ఈ విభజనని 1977లో ఫామిలియెట్టి, కనేకో, తచిబానా కార్ప్ రెటీనాలోనే చూపించారు. కొన్ని బైపోలార్లు రెండు మూడు అంతస్తుల్లో ఆగుతాయి, వాటిని బలవంతంగా ఒక సగంలోకి నెట్టకుండా ఆగిన ప్రతి లోతునీ రాసుకోండి.

లోతు కొలిచే పద్ధతి చెప్తా. పొర పై అంచుని 0, కింది అంచుని 100 అనుకుని, చివర ఎక్కడుందో శాతంలో రాయండి. మైక్రోమీటర్లలో రాస్తే ఒక చేపకీ ఇంకో చేపకీ, మధ్యకీ అంచుకీ పొర మందం మారిపోతుంది కాబట్టి పోల్చలేరు. అసిటైల్‌కోలిన్ తయారుచేసే ఎంజైమ్‌కి స్టెయిన్ వేస్తే ఈ పొరలో రెండు గీతల్లా పట్టీలు వస్తాయి, వాటిని స్కేలు మీద గుర్తుల్లా వాడుకుంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది.

చేపల్లో రాడ్‌తోనూ కోన్‌తోనూ కలిసే మిశ్రమ బైపోలార్లు ఉంటాయి, పాలిచ్చే జంతువుల్లో లాగా రాడ్ బైపోలార్ పూర్తిగా విడిగా ఉండాలని ఎదురుచూడకండి. గోల్డ్‌ఫిష్‌లోని ఆన్ రకం మిశ్రమ బైపోలార్ చివర సుమారు 10 మైక్రోమీటర్ల బుడగలా ఉంటుంది, గాంగ్లియాన్ పొరని ఆనుకుని. అంత పెద్ద సైనాప్స్ చివర దొరకడం అరుదు, అందుకే సైనాప్స్‌లో రసాయనం ఎలా విడుదలవుతుందో కొలిచే ప్రయోగాలు ఎన్నో ఈ ఒక్క కణం మీద జరిగాయి. పీకేసీ ఆల్ఫా స్టెయిన్‌తో ఇది చక్కగా వెలుగుతుంది, మీరు మొదట గుర్తుపట్టడం నేర్చుకోవాల్సిన బైపోలార్ ఇదే అంటాను.

5. అమాక్రైన్ సెల్స్

మధ్య పొరలో అన్నిటికన్నా లోపలి వరసలు వీటివి. ఎక్కువవాటికి ఆక్సాన్ అని చెప్పుకోదగ్గది ఉండదు, కొమ్మలన్నీ లోపలి సైనాప్స్ పొరలోనే తిరుగుతాయి. రకాలు డజన్లలో ఉంటాయి, మొత్తం రెటీనాలో ఎక్కువ వైవిధ్యం ఉన్నది ఇక్కడే, అందుకే మొదటి రోజే అన్నీ విడదీసేయాలని కూర్చోవద్దు.

ముందు రెండు కుప్పలు చేయండి: గాబా ఉన్నవి, గ్లైసిన్ ఉన్నవి (రెండూ కణాలు సంకేతం పంపడానికి వాడే రసాయనాలు). వీటితోనే ఎక్కువ భాగం తేలిపోతుంది. మామూలుగా గ్లైసిన్ రకాలు ఇరుకుగా నిలువుగా, గాబా రకాలు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. తర్వాత కొమ్మలు ఎంత వెడల్పు, ఏ ఏ లోతుల్లో అన్నది చూడండి. ఆ తర్వాతే అసిటైల్‌కోలిన్, డోపమైన్, సెరటోనిన్ లాంటి అదనపు గుర్తులు.

డోపమైన్ కణాల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. డోపమైన్ తయారీలో పనిచేసే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్‌కి స్టెయిన్ వేస్తే అమాక్రైన్ వరసలో అక్కడక్కడా, చాలా తక్కువగా, పెద్ద కణాలు వెలుగుతాయి. వాటి కొమ్మల్ని పట్టుకుని పైకి వెళ్తే, అమాక్రైన్‌లా లోపలి పొరలోనే ఆగకుండా మధ్య పొరని దాటి బయటి సైనాప్స్ పొర దాకా పోయి హారిజాంటల్ సెల్స్ చుట్టూ అల్లుకుంటాయి. ఇవి ఇంటర్‌ప్లెక్సిఫార్మ్ సెల్స్, కొందరు వీటిని ఆరో గుంపుగా లెక్కపెడతారు. గోల్డ్‌ఫిష్‌లో వీటి సైనాప్స్‌లని 1975లో డౌలింగ్, ఎహింగర్ వివరించారు. మిగతా కణాల్లో సమాచారం ఎక్కువగా బయటి నుంచి లోపలికి పోతుంటే ఇవి లోపలి నుంచి బయటికి వెనక్కి తీసుకొస్తాయి, డోపమైన్ విడుదల చేసి హారిజాంటల్ సెల్స్ మధ్య ఉన్న గ్యాప్ జంక్షన్‌లని (పక్కపక్క కణాల్ని నేరుగా కలిపే సన్నటి దారులు) మూసేస్తాయి, దాంతో ఒక్కో హారిజాంటల్ సెల్ చూసే ప్రాంతం చిన్నదైపోతుంది.

ఇంకా లోతుకెళ్తే, ఆ డోపమైన్ కణాల మీదకి సన్నటి ఫైబర్లు వచ్చి కలుస్తూ ఉంటాయి, వాటి కణ శరీరం కోసం రెటీనా అంతా వెతికినా దొరకదు. అవి ముక్కు వైపున్న టెర్మినల్ నర్వ్ నుంచి ఆప్టిక్ నర్వ్ గుండా కంటిలోకి వచ్చిన ఆక్సాన్‌లు. కాబట్టి ఒక కొమ్మకి యజమాని కనపడకపోతే మీ స్టెయిన్‌ని అనుమానించే ముందు ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

6. గాంగ్లియాన్ సెల్స్

గాంగ్లియాన్ పొరలో ఉన్నవన్నీ గాంగ్లియాన్ సెల్స్ కాదు, ఇది గట్టిగా పట్టుకోండి. చోటు మారిన అమాక్రైన్‌లు కొన్ని అక్కడే ఉంటాయి, చోటు మారిన గాంగ్లియాన్ సెల్స్ కొన్ని పైన మధ్య పొరలో ఉంటాయి. హెచ్‌యూసీ/డీ యాంటీబాడీ రెండు గుంపుల్నీ వెలిగిస్తుంది కాబట్టి దాంతో తేలదు. తేల్చేది ఒక్కటే, ఆక్సాన్ ఆప్టిక్ నర్వ్‌లోకి పోతోందా లేదా. డైఐ లాంటి రంగుని ఆప్టిక్ నర్వ్‌కి అంటించి వెనక్కి పాకనిస్తే, వెలిగినవి గాంగ్లియాన్ సెల్స్. లార్వాల్లో, గాంగ్లియాన్ సెల్స్ వెలిగేలా జీన్ చేర్చిన ఐఎస్ఎల్2బి ట్రాన్స్‌జెనిక్ లైన్ తీసుకుంటే చాలావరకు ఆ పని అయిపోతుంది.

రకాల కోసం మళ్లీ అదే లెక్క, కొమ్మలు లోపలి సైనాప్స్ పొరలో ఏ శాతంలో ఉన్నాయి, ఎంత వెడల్పు, ఒక పొరా రెండు పొరలా, పలుచగా పరిచి ఉన్నాయా లోతంతా నిండి ఉన్నాయా. అది అయ్యాక ఆక్సాన్ వెంట మెదడు దాకా వెళ్లండి. జీబ్రాఫిష్ లార్వాలో ఆక్సాన్‌లు ఎదుటి వైపుకి దాటి పది చోట్ల కొమ్మలు వేస్తాయి, పదోది టెక్టమ్ (చేప మెదడులో చూపుకి ముఖ్యమైన భాగం), ఎక్కువ ఆక్సాన్‌లు చేరేది అక్కడికే. రెటీనాలో కొమ్మలు అచ్చం ఒకేలా ఉన్న రెండు కణాలు మెదడులో వేర్వేరు చోట్లకి పోతుంటే వాటిని రెండు రకాలుగా రాయాలనేది నా అభిప్రాయం, ఎందుకంటే ఆ సమాచారం చేప ప్రవర్తనలో వేరే పనికి వాడబోతోంది.

7. నోట్‌బుక్‌లో ఎలా రాయాలి, ఏది వదిలేయాలి

ఒక్కో కణానికి ఒక్కో లైన్. చేప జాతి, వయసు, వెలుగా చీకటా, రెటీనాలో ఏ మూల, న్యూక్లియస్ ఏ పొరలో ఏ వరసలో, కొమ్మల లోతు శాతంలో, వెడల్పు, వెలిగిన మార్కర్లు (కణం రకాన్ని చూపించే స్టెయిన్లు), వెలగని మార్కర్లు. వెలగనివి కూడా రాయడం చాలామంది మానేస్తారు, కానీ రెండు దగ్గరి రకాల్ని విడదీసేది చాలాసార్లు అవే. పేరు కాలమ్‌ని ఖాళీగా వదిలేసి, కనీసం రెండు వేర్వేరు రకాల సాక్ష్యం, అంటే ఆకారం ప్లస్ మార్కర్, లేదా ఆకారం ప్లస్ స్పందన, కుదిరాకే నింపండి. ఒక్క మార్కర్ మీద పేరు పెట్టేస్తే జాతి మారినప్పుడు, వయసు మారినప్పుడు అది నిలబడదు.

లెక్కపెట్టేటప్పుడు రెటీనా అంచుల్ని వదిలేయండి. చేప బతికున్నంతకాలం కన్ను పెరుగుతూనే ఉంటుంది, అంచుల్లో ఉన్న సిలియరీ మార్జినల్ జోన్‌లో కొత్త నాడీకణాలు పుడుతూనే ఉంటాయి, అక్కడి కణాలు ఇంకా ఏ రకంగానూ తేలి ఉండవు. మధ్య ప్రాంతంలో కూడా కొత్త రాడ్‌లు పుడుతుంటాయి, వాటి మూలం ముల్లర్ గ్లియానే, అందుకే మధ్య పొరలోనో ఫొటోరిసెప్టర్ పొర అడుగునో ఏ మార్కర్‌కీ వెలగని సన్నటి న్యూక్లియస్ కనిపిస్తే అది రాడ్ అవ్వబోతున్న కణం కావచ్చు, పీసీఎన్ఏ స్టెయిన్ వేసి విభజన జరుగుతోందేమో చూడండి. దెబ్బ తగిలిన రెటీనా అయితే ఇంకా జాగ్రత్త, చేపల్లో ముల్లర్ గ్లియా మళ్లీ విభజన మొదలుపెట్టి పోయిన నాడీకణాల్ని తిరిగి పుట్టిస్తుంది, అలాంటి సెక్షన్‌లో పొరల చిరునామా కొన్నాళ్ల పాటు లెక్కలోకి తీసుకోలేం, రకాలు నేర్చుకోడానికి దాన్ని వాడకుండా దెబ్బ తగలని కన్నుతోనే మొదలుపెట్టండి.